దాటేసిన పేరా

ఉర్జెదో,
2016 జులై ఆఖరు

మరీజా తల్లీ,

ఈ ఉత్తరం రాయకుండానే వదిలేద్దామనుకున్నాను. కూర్చుంటే పెన్ను రాయలేదు. పెన్ను దొరికేసరికి కళ్ళజోడు కనపడలేదు. అది నా నెత్తిమీదే ఉందని మీ పెద్దమ్మ మంచం మీంచి కళ్ళతోనే చూపించింది. ఇక సాకులు అయిపోయాయి కాబట్టి రాస్తున్నాను.

ముందు క్షేమాలు. మీ పెద్దమ్మ అలాగే ఉంది. కుడి చెయ్యీ కాలూ రావు, మాట రాదు, నవ్వు మాత్రం వస్తుంది. అదీ నాకు కాదు, ఇల్డాకి. వృద్ధుల సెంటర్ నుంచి ఇల్డా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వస్తుంది. ఒళ్ళు తుడుస్తుంది, పుండ్లు పడకుండా ఇటునుంచి అటు తిప్పుతుంది, తిప్పుతూ తిడుతుంది. "ఏం పియెదాదె పిన్నీ, రాణీగారు ఇవాళ కూడా లేవరా? పరుపు అరిగిపోతోంది, కొత్తది ఎవరు కొంటారు, మీ ఆయనా? ఆయన చెప్పులే కొనుక్కోడు!" మీ పెద్దమ్మ సగం మూతితో నవ్వుతుంది. ఇన్నేళ్ళ కాపురంలో నేను ఎన్ని కథలు చెప్పానో నీకు తెలుసు. ఒక్కదానికీ ఆవిడ అలా నవ్వగా చూడలేదు.

ఇక అసలు సంగతి. లిస్బన్‌లో మన ప్రభుత్వం అనుకున్నదానికంటే ఎక్కువ ఖర్చు పెట్టిందని మీ బ్రస్సెల్స్‌వాళ్ళు కోపగించారని టీవీలో చెప్పారు. జరిమానా వేశారట, ఆ జరిమానా సున్నా అట. నేను రోడ్డు పనిలో ఉన్నప్పుడు మా మేస్త్రీ కూడా ఇలాంటి శిక్షలే వేసేవాడు, అందరూ సంతోషంగా అనుభవించేవాళ్ళం. కానీ దాని వెనకాలే ఇంకో మాట అన్నారు. యూరప్ నుంచి వెనకబడిన ప్రాంతాలకి వచ్చే డబ్బు వచ్చే ఏడాది కొంత ఆపుతారట.

ఆ డబ్బుతో మన ఊరికి ఏమొచ్చిందో లెక్క తీశాను. ఒకటి, ఊరి ముందు గుండ్రటి కూడలి. రెండు దారులు కలిసేచోట అంత పెద్ద చక్రం ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు. రోడ్లు వేసినవాడిని, నాకే అర్థం కాకపోతే ఇంకెవరికవుతుంది? అక్కడ వరసగా తిరిగేవి జువాకిం మేకలే. అవి మాత్రం నియమం తప్పవు, కుడివైపు నుంచే వెళ్తాయి. రెండోది, సెంటర్ గోడ మీద యూరప్ నక్షత్రాల నీలం పలక. మూడోది ఇల్డా.

ఇల్డా జీతం ఏదో సామాజిక నిధి నుంచి వస్తుందట. డైరెక్టరమ్మ చెప్పింది. ఒప్పందం డిసెంబరుతో అయిపోతుంది, జనవరిలో కొత్తది రాయాలి. ఇల్డా లేకపోతే మంచంలో ఉన్న మనిషిని ఇంట్లో ఉంచడానికి సెంటర్ ఒప్పుకోదు, బ్రగాన్సాలో వృద్ధాశ్రమానికి పంపిస్తారు. నా నడుం సంగతి నీకు తెలుసు, నన్ను నేనే తిప్పుకోలేను.

మీ అమ్మ నిన్ను మా దగ్గర వదిలి ఫ్రాన్స్ వెళ్ళిన ఏళ్ళలో నువ్వు పడుకున్న గదిలోనే ఇప్పుడు మీ పెద్దమ్మ మంచం ఉంది. కిటికీలోంచి చెస్ట్‌నట్ తోట కనపడుతుంది. ఆవిడ రోజంతా దాన్నే చూస్తుంది. బ్రగాన్సా ఆశ్రమంలో కిటికీలోంచి ఏం కనపడుతుందో నాకు తెలీదు.

నువ్వు ఆ కొలువులోనే దుబాసీవి కదా. ఇది నిజమా? ఫోన్ చెయ్యకు, నా చెవికి ఫోన్‌లో తేనెటీగలు తప్ప ఏమీ వినపడవు. రాయి.

పెదనాన్న అబీలియో


బ్రస్సెల్స్,
ఆగస్టు

పెదనాన్నా,

ముందుగా కాఫీకొట్టు అర్మిందో మావయ్యకీ, అక్కడ కూర్చున్న పెద్దలందరికీ నమస్కారాలు. శనివారం పెదనాన్న ఈ ఉత్తరం చదువుతున్నప్పుడు దయచేసి గ్లాసులు చప్పుడు చెయ్యకండి. జువాకిం మావయ్యా, మేకలకి నా అభినందనలు. ఇక్కడి డ్రైవర్లకి అంత క్రమశిక్షణ లేదు.

నువ్వడిగినదానికి జవాబు. ప్రతి దేశమూ తన లోటు ఒక గీత దాటకుండా చూసుకుంటానని ఒప్పుకుంది. దాటితే సర్దుకోమని గడువిస్తారు. అప్పటికీ సర్దుకోకపోతే, ఆ దేశంలోని ప్రాంతాలకి కొత్తగా రాసివ్వాల్సిన నిధుల్లో కొంత ఆపవచ్చని నియమం పెట్టుకున్నారు. ఆ ఖర్చుకీ ఈ నిధులకీ అలా ముడిపెట్టారు. ఆపవచ్చు అంటే ఆపుతారని కాదు. దాని మీద యూరప్ పార్లమెంటు ముందు చర్చ జరగాలి, అది అక్టోబరులో. ఆలోగా ఎవరి జీతమూ ఆగదు. ఇల్డాకి కూడా చెప్పు.

నా పని గురించి అర్మిందో మావయ్య అడిగాడని ఆమధ్య ఎప్పుడో రాశావు. చెప్తాను. గదికి ఒక పక్కన గాజు గూడు ఉంటుంది. అందులో ఇద్దరం కూర్చుంటాం. కింద ఎవరో వాళ్ళ భాషలో మాట్లాడుతుంటే నేను అదే సమయంలో మన భాషలో చెప్తాను. అతను "నేను" అంటే నేనూ "నేను" అనాలి. "ఆయన ఏమంటున్నాడంటే" అనకూడదు. పొద్దున మంత్రినవుతాను, మధ్యాహ్నం చేపల వ్యాపారినవుతాను. చిన్నప్పుడు నీ పక్కన స్టూలు మీద కూర్చుని, నువ్వు కొట్లో ఊరందరి ఉత్తరాలూ చదవడం వినేదాన్ని కదా. "ప్రియమైన భార్యా" అని నువ్వు గంభీరంగా చదువుతుంటే భార్యలు ఏడ్చేవాళ్ళు. అదే పని, జీతం కొంచెం ఎక్కువ.

ఒక్క తేడా ఉంది. తలుపులు మూసిన గదుల్లో విన్నది నేను బయట చెప్పకూడదు. కాబట్టి లోపలి కబుర్లు అడగకు. అడిగినా చెప్పను.

పెద్దమ్మ జుట్టు పొట్టిగా కత్తిరించొద్దని ఇల్డాకి చెప్పు.

మరీజా


ఉర్జెదో,
సెప్టెంబరు మొదట్లో

మరీజా తల్లీ,

నీ ఉత్తరం శనివారం చదివాను. కొట్టు నిండిపోయింది. ఈ రోజుల్లో అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, మనవళ్ళ మొహాలు రోజూ చూస్తున్నారు, అయినా కవరు చించి చదివే ఉత్తరం అంటే వస్తారు. ఎప్పటిలాగే అర్మిందో రొట్టె కోసే కత్తితో అందరి ముందూ చించాడు. ముందుగా నేను చూసుకోకూడదన్న కట్టుబాటు నీకు తెలుసుగా. చూసుకుని చదివితే వాళ్ళ దృష్టిలో అది ఉత్తరం కాదు, నాటకం.

నువ్వు రాసిన ముడి దగ్గరికొచ్చేసరికి అర్మిందో గ్లాసు తుడవడం ఆపేశాడు.

"అంటే ఏమిటి? లిస్బన్‌లో ఎవడో ఎక్కువ తింటే ఇక్కడ మన కంచం లాగేస్తారా?"

"ఉన్న కంచం లాగరు. కొత్త కంచం పెట్టరు. సరిగ్గా విను," అన్నాను.

"మరి నా కంచం కొత్తదా పాతదా బాబాయ్?" అంది ఇల్డా. ఖాళీ సూపు క్యారియర్లు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "ప్రతి జనవరిలోనూ కొత్తగా రాస్తారు. పాతదాన్నని ఎప్పుడూ అనలేదు నన్ను."

మరీజా ఏం ఫరవాలేదని రాసింది కదా అన్నాను. ఇల్డా తల ఊపింది. ఆమె పిన్ని కూతురు లగ్జెంబర్గ్‌లో ఒక వృద్ధాశ్రమంలో పనిచేస్తోంది, నువ్వూ రా అని పోయిన ఏడాది నుంచీ పిలుస్తోంది. ఇల్డాకి పోర్తోలో చదువుతున్న పిల్ల ఉంది, డబ్బు అవసరమే, అయినా వెళ్ళలేదు. "నేను పోతే రాణీగారిని ఎవరు తిడతారు?" అంటుంది. కానీ ఆ చోటు అక్టోబరు దాకానే ఖాళీగా ఉంటుందట.

ఉత్తరాల మాటొస్తే ఒకటి గుర్తొచ్చింది. వెనకటికి ఫ్రాన్స్ వెళ్ళిన మగవాళ్ళు పెద్ద కాగితం మీద అందరికీ రాసేవారు, దాని మడతలో చిన్న కాగితం పెట్టేవారు. పెద్దది నేను కొట్లో చదివేవాణ్ణి, చిన్నది పెళ్ళాం చేతిలో పెట్టేవాణ్ణి. ఆ లోపలి కాగితం చూడాలని ఊరందరికీ ఉబలాటం, ఎవరూ ముట్టుకునేవారు కాదు. అర్మిందో వాళ్ళ నాన్న మాత్రం బుర్ర తక్కువవాడు, పక్కింటావిడ అప్పు అడిగిందని పెద్ద కాగితం మీదే రాశాడు. ఆవిడ ముందు వరసలో కూర్చునుంది. ఆ తర్వాత రెండిళ్ళకీ మధ్య గోడ లేచింది, వచ్చినప్పుడు చూడు, ఇప్పటికీ ఉంది. బాగా కట్టారు.

లోపలి కబుర్లు అడగొద్దన్నావు. అడగను. కానీ నాకు నిద్ర పట్టడంలేదు. ఏమైనా తెలిస్తే ఎంతో కొంత చెప్పమ్మా.

అబీలియో


బ్రస్సెల్స్,
సెప్టెంబరు మధ్యలో

పెదనాన్నా,

ఈ ఊళ్ళో ఎండ కాస్తోంది! నమ్ముతావా? వారం నుంచీ ఒక్క చినుకు లేదు. ఆఫీసులన్నీ ఖాళీ చేసి జనం గడ్డి మీద పడుకుంటున్నారు. కొట్లో అందరికీ చెప్పు, వాళ్ళకి నేను వాన గురించి తప్ప ఏమీ రాయనని ఫిర్యాదు కదా. గొడుగు ఇంట్లో వదిలేసి తిరుగుతున్నాను, దొంగతనం చేస్తున్నట్టుంది.

పెదనాన్నా, ఇది నీకు మాత్రమే. చెప్పకూడదు, అయినా చెప్తున్నాను, నాకూ నిద్ర పట్టడంలేదు. మొన్న తలుపులు మూసిన సమావేశంలో కూర్చున్నాను. ఆపడమంటూ జరిగితే ముందుగా ఆగేవి జనవరిలో కొత్తగా రాసే ఒప్పందాలేనని ఒకాయన అన్నాడు. ఉన్నవాటి జోలికి వెళ్ళడం కష్టమట, మొదలుకానివి ఆపడం సులువట. ఆ మాట నా నోటితోనే మన భాషలో చెప్పాను. అది నిర్ణయం కాదు, ఒక మనిషి అభిప్రాయం. కానీ నువ్వు డైరెక్టరమ్మని కలిసి, ఇల్డా జీతానికి ఇంకేదైనా దారి ఉందేమో ఇప్పటినుంచే వెతకమను. ఇల్డాకి మాత్రం ఇప్పుడే చెప్పకు. భయపడి వెళ్ళిపోతే, తీరా నిధులు ఆగకపోతే, రెండువిధాలా చెడతాం.

ఇక మిగతా కబుర్లు. నా కింది వాటా ఆవిడకి ఒక కుక్క ఉంది, దానికి నాకంటే ఎక్కువ భాషలు వస్తాయి. ఎవరు ఏ భాషలో పిలిచినా రాదు. నవంబరులో చెస్ట్‌నట్లు కాల్చే రోజుకి రాలేను, క్రిస్మస్‌కి వస్తాను. పెద్దమ్మకి ఉన్ని మేజోళ్ళు తెస్తాను.

మరీజా


ఉర్జెదో,
సెప్టెంబరు ఆఖరు

మరీజా తల్లీ,

ఉత్తరం అందింది. శనివారం చదివాను. ఆ పేరా చదవలేదు, దాటేశాను. నువ్వు నిశ్చింతగా ఉండు.

డైరెక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మంచిదే, కాకపోతే కంప్యూటర్ వైపు తిరిగి మాట్లాడుతుంది, నేనూ దానికే నమస్కారం పెట్టొచ్చాను. పైనుంచి కాగితం వచ్చేదాకా ఎవరికీ మాటివ్వలేనంది. ఇంకో దారి ఉందేమో వెతుకుతానంది.

ఇక్కడ అంతా మామూలే. ద్రాక్ష కోత అయిపోయింది. ఈసారి పండు చిన్నది, తీపి ఎక్కువ. కూడలి మధ్యలో ఎవరో ఆలివ్ మొక్క నాటారు, జువాకిం మేక తినేసింది. పంచాయతీవాళ్ళు ఇంకోటి నాటారు. మేక కాచుకుని కూర్చుంది. చెస్ట్‌నట్ కాయలు పగలడం మొదలైంది. అర్మిందో కొత్త కాఫీ యంత్రం కొన్నాడు, అది రైలులా కూస్తోంది, కాఫీ మాత్రం పాత రుచే. గోడకి సున్నం వెయ్యాలి. నిన్న టీవీలో తిమింగలాల గురించి చూపించారు, అవి కూడా ఒకదానికొకటి దూరం నుంచి పలకరించుకుంటాయట, నీళ్ళల్లోంచి. చాలా బాగుంది.

మీ పెద్దమ్మ నీ మేజోళ్ళ కబురు విని కళ్ళార్పింది.

ఇంకేం లేవు.

అబీలియో


స్ట్రాస్‌బర్గ్,
అక్టోబరు

పెదనాన్నా,

నీ ఉత్తరం పదే పదే చదివాను. తిమింగలాలున్నాయి, మేకలున్నాయి, సున్నం ఉంది. ఇల్డా పేరు ఒక్కచోట కూడా లేదు. ఏమైంది?

నేను చేసిన పొరపాటు పోస్టులో వేసిన మర్నాడు తెలిసింది. విడి కాగితం మీద రాసి మడతలో పెట్టాల్సిన మాటని పెద్ద కాగితం మధ్యలో రాశాను. నువ్వు దానికి ముందు ఉత్తరంలోనే ఆ గోడ కథ చెప్పావు, నవ్వుకున్నాను కూడా. ఇక్కడ అలవాటు తప్పిపోయింది. "నీకు మాత్రమే" అని రాస్తే చాలనుకున్నాను. నువ్వు ముందుగా చూసుకోకుండా చదువుతావని మర్చిపోయాను. దాటేశానన్నావు కదా, నిజంగా దాటేశావా? ఎవరికీ తెలియలేదుగా?

ఇక్కడ పార్లమెంటులో చర్చ జరిగింది. గూట్లో నేనే ఉన్నాను. సభ్యులు చాలామంది లేచి గట్టిగా అడిగారు. లెక్కలు తప్పింది రాజధాని అయితే శిక్ష పల్లెలకెందుకు, పనిలేని కుర్రవాళ్ళకెందుకు, మంచాన పడ్డ ముసలివాళ్ళకెందుకు అని. ఒకాయన బల్ల గుద్దాడు, నేనూ అదే ఊపులో చెప్పాను, హాయిగా ఉంది. తర్వాత అవతలివైపు పెద్దమనిషి జవాబిచ్చాడు. మర్యాదస్తుడు, గొంతు మెత్తన. "నాకు ఇది ఇష్టమై చెయ్యడంలేదు. నియమం రాసుకున్నది మనమే. నాకు వేరే దారి లేదు," అన్నాడు.

"నాకు వేరే దారి లేదు" అని నేను చెప్పాలి, నా గొంతుతో, అతనంత మెత్తగా. ఆగిపోయాను పెదనాన్నా. ఎంతోసేపు కాదు. పక్కన కూర్చున్న అమ్మాయి మైకు మీద చెయ్యి వెయ్యబోయింది, ఈలోగా చెప్పేశాను. హాల్లో మనవాళ్ళు ఒకరిద్దరు హెడ్‌ఫోన్లు సర్దుకుని గాజు వైపు చూశారు. చదివేటప్పుడు మొహం మారకూడదని, ఊపిరి ఆగకూడదని నువ్వే కదా నేర్పావు.

ఇంకా ఏమీ తేలలేదు. వచ్చే నెలలో చెప్తారట. ఇల్డా ఎలా ఉందో రాయి.

మరీజా


ఉర్జెదో,
అక్టోబరు ఆఖరు

మరీజా తల్లీ,

ఇల్డా బాగుంది. బాగానే ఉంది. నాకు పాఠాలు చెప్తోంది. మంచంలో మనిషిని ఒక్కడే ఎలా తిప్పాలో నేర్చుకోమంటోంది. దుప్పటి నిలువుగా మడిచి నడుం కిందికి తొయ్యాలి, మోకాలు మంచానికి ఆన్చాలి, చేతులతో కాదు, ఒంటి బరువుతో లాగాలి. "పిండి బస్తా అనుకోకండి బాబాయ్, పెళ్ళాం అనుకోండి!" అని అరుస్తుంది. "పిండి బస్తా అయితేనే జాగ్రత్తగా ఎత్తేవాణ్ణి," అంటే మీ పెద్దమ్మ ఇల్డా వైపు చూసి నవ్వుతుంది. చెప్పింది నేను, నవ్వు దానికి.

పనిలేని ముసలాడికి కాలక్షేపం ఉండాలి కదా, అందుకే నేర్పుతోంది.

అక్కడ తేలగానే రాయి.

అబీలియో


బ్రస్సెల్స్,
నవంబరు మధ్యలో

పెదనాన్నా,

అయిపోయింది! ఆపడం లేదు! లిస్బన్ లెక్కలు దారికొచ్చాయని ఒప్పుకున్నారు, ఆ ప్రతిపాదన పక్కన పెట్టేశారు. సామాజిక నిధిలో ఒక్క పైసా కూడా ఆగదు. జనవరి ఒప్పందాలు మామూలుగానే రాస్తారు.

ఈసారి ఎవరి తరపునా కాదు, నా తరపునే చెప్తున్నాను. ఇది కొట్లో గట్టిగా చదువు. అర్మిందో మావయ్యా, నా పేరున అందరికీ ఒక గ్లాసు పొయ్యి, డబ్బులు క్రిస్మస్‌కి వచ్చినప్పుడు ఇస్తాను. అందరూ చప్పట్లు కొట్టాలి.

ఈసారి పద్ధతి తప్పలేదు. మడతలో చిన్న కాగితం పెట్టాను. అది నీకు కాదు, ఇల్డాకి. ఇన్నాళ్ళూ తనకి చెప్పకుండా దాచినందుకు క్షమాపణ రాశాను. నువ్వు చూడకుండా తన చేతిలో పెట్టు.

మరీజా


ఉర్జెదో,
నవంబరు ఆఖరు

మరీజా తల్లీ,

నీ ఉత్తరం కొట్లో మొత్తం చదివాను, ఒక్క మాట వదలకుండా. అర్మిందో చప్పట్లు కొట్టాడు. ఇంకెవరూ కలవకపోయేసరికి ఆపేసి గ్లాసులు తుడుచుకున్నాడు.

సెప్టెంబరులో జరిగింది నీకు రాయలేదు. ఇప్పుడు రాయక తప్పదు, క్రిస్మస్‌కి నువ్వు నేరుగా ఇంటికొచ్చి ఆ గది తలుపు తీస్తావు కాబట్టి.

ఆ శనివారం నీ ఎండ గురించి చదివాను, అందరూ నవ్వారు. కింది పేరాకి వచ్చాను. "పెదనాన్నా, ఇది" దాకా పైకి చదివేశాను. తర్వాతి మాట కంటికి తగిలింది. ఆగాను. ఇన్నేళ్ళలో నేను ఆగగా ఆ కొట్లో ఎవరూ వినలేదు. అర్మిందో కాఫీ యంత్రం కట్టేశాడు. అందరూ నా మొహమే చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పాలి కదా. ఇన్ని కథలు అల్లినవాణ్ణి, నోటికి వచ్చిందేమిటో తెలుసా? "ఇది చాలా వానల ఊరు, ఒకటే వాన" అన్నాను.

"ఇప్పుడేగా ఎండ అన్నావు?" అన్నాడు జువాకిం.

"పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన," అన్నాను. తర్వాత కింది వాటా ఆవిడ కుక్క దగ్గరికి దూకాను. ఒక్కరూ నవ్వలేదు. మంచి కుక్క అది, వృథా అయింది.

ఇల్డా క్యారియర్లు కౌంటరు మీద పెట్టి విన్నది. బయటికొచ్చాక నాతోపాటు నడిచింది. చర్చి దాటాక అడిగింది.

"బాబాయ్, ఆ వాన నా మీదేనా?"

"నీ మీద ఎందుకు? బ్రస్సెల్స్‌లో వాన."

"మీకు చదవడం వచ్చు గానీ అబద్ధం చదవడం రాదు." అంతే అంది. అంతకంటే నొక్కి అడగలేదు. చెప్పకూడదని నువ్వు రాశావు, నేను చెప్పలేదు. చెప్పి ఉంటే, అది ఒక మనిషి అభిప్రాయమే, నిర్ణయం కాదు అని కూడా చెప్పి ఉండేవాణ్ణి. నువ్వు రాసిన ఆ సగం దానికి అందలేదు. నేను ఆగినది మాత్రమే అందింది. ఆ వారంలోనే లగ్జెంబర్గ్‌కి ఫోన్ చేసింది.

నీ తప్పేం లేదు. డైరెక్టరమ్మ తప్పూ లేదు, ఆవిడకి పైనుంచి కాగితం రాలేదు. మీ గాజు గది కింద మెత్తగా మాట్లాడిన ఆయన కూడా రాత్రి ఇంటికెళ్ళి అందరిలాగే సూపు తాగి ఉంటాడు. ఎవరి తప్పూ లేకుండా పని ఎలా చెడుతుందో నాకు ముందే తెలుసు, రోడ్డు కాంట్రాక్టుల్లో చాలా చూశాను.

చనిపోయినవాళ్ళ సమాధుల మీద పూలు పెట్టే పండగ అయ్యాక ఇల్డా బస్సెక్కింది. అంతదాకా నాకు పాఠాలు చెప్పింది ఇందుకే. పోయేముందు మీ పెద్దమ్మ జుట్టు దువ్వి జడ వేసింది. "రాణీగారూ, ఇక మీరు మీ ఆయన చేతుల్లో పడ్డారు. పొరపాటున కింద పడేస్తే నాకు ఉత్తరం రాయించండి, వచ్చి తంతాను," అంది. మీ పెద్దమ్మ నవ్వలేదు. దాని కోటు అంచు పట్టుకుంది, ఎడమచేత్తో. వదిలించడానికి నేనూ చెయ్యి వెయ్యాల్సొచ్చింది.

తర్వాత నేనే తిప్పాను. దుప్పటి, మోకాలు, ఒంటి బరువు, అన్నీ చెప్పినట్టే. కొన్నాళ్ళు బాగానే జరిగింది, గర్వపడ్డాను కూడా. ఒక ఉదయం మోకాలు జారింది. ఇద్దరం కింద పడ్డాం. ఆవిడ నా మీద పడింది, దెబ్బ తగల్లేదు. నేల మీద పడుకుని ఇద్దరం కప్పు చూశాం. "సున్నం వెయ్యాలి," అన్నాను. ఆవిడ నవ్వింది. సగం మూతితోనే, చాలాసేపు. ఇల్డా అక్కడ లేదు, అది నాకే.

సెంటర్ వంటగది నుంచి రోజూ మా ఇద్దరికీ సూపు తెచ్చే డ్రైవర్ వచ్చి లేపేదాకా అలాగే ఉన్నాం. అతను డైరెక్టరమ్మకి చెప్పాడు, చెప్పాలి కూడా. ఆ వారంలోనే నీ మంచి కబురూ వచ్చింది. దాంతోపాటే డైరెక్టరమ్మకి పైనుంచి కాగితమూ వచ్చింది. ఇల్డా ఉద్యోగానికి జనవరి నుంచి మంజూరైందట. ఆవిడ వెంటనే సెంటర్ గుమ్మం మీద, నీలం పలక కింద, మనిషి కావాలని ప్రకటన అంటించింది. ఎవరూ రాలేదు. ఊళ్ళో ఆ పని చెయ్యగలిగే వయసువాళ్ళు మేకల్లోనే ఉన్నారు. ఇల్డాకి ఫోన్ చేయించాను. అక్కడ ఏడాదికి సంతకం పెట్టేసింది. "పిన్ని తింటోందా?" అని అడిగింది. తింటోందని చెప్పించాను.

నీ చిన్న కాగితం చూడలేదు. ఇంకో కవరులో పెట్టి లగ్జెంబర్గ్‌కి పంపాను.

బుధవారం బ్రగాన్సా నుంచి బండి వచ్చింది. ఇద్దరు కుర్రాళ్ళు మీ పెద్దమ్మని దుప్పటితో సహా ఎత్తారు, మోకాలు ఎక్కడ ఆన్చాలో నేను చెప్పాను. వెంట వెళ్ళాను. గది శుభ్రంగా ఉంది, వాళ్ళు మర్యాదగా ఉన్నారు. కిటికీ పక్క మంచం అడిగాను. అది ఖాళీ లేదట, ఖాళీ అయితే ఇస్తామన్నారు. ప్రస్తుతానికి తలుపు పక్కన ఇచ్చారు. ఉన్ని మేజోళ్ళు అక్కడికే తీసుకెళ్ళు.

తిరిగి బస్సులో వచ్చాను. కూడలి దగ్గర దిగాను. ఆలివ్ మొక్క ఈసారి బతికేట్టుంది, చుట్టూ ముళ్ళకంచె కట్టారు.

ఇవాళ మధ్యాహ్నం సూపు బండి వచ్చింది. వంటగదికి ఎవరూ చెప్పినట్టు లేదు. డ్రైవర్ రెండు క్యారియర్లు దించి వెళ్ళాడు.

అబీలియో